అక్వేరియం చేపని చెరువులో వదలకండి



ఇప్పుడు మన పల్లెల్లోనూ గాజు తొట్టెలు కనబడుతున్నాయి. పిల్లలు సరదాపడి అనకాపల్లి నుంచో వైజాగ్ నుంచో రంగు చేపలు తెచ్చుకుంటున్నారు. గోల్డ్‌ఫిష్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, పాచి తినే సక్కర్ చేప. పెంచుకోండి, తప్పేం లేదు. నా బాధల్లా ఆ మోజు తీరాక జరిగే పని గురించే. చంపితే పాపమని బకెట్లో పట్టుకెళ్లి ఊరి చెరువులో వదిలేస్తున్నారు. పుణ్యం వాళ్లకి, నష్టం చెరువు మీద బతికేవాళ్లకి.

సక్కర్ చేప సంగతే చూడండి. కొన్నప్పుడు రెండంగుళాలే. పెరిగితే అడుగున్నర అవుతుంది. దీని సొంతూరు దక్షిణ అమెరికా. ఒళ్లంతా గట్టి పలకలు, రెక్కలకి ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, బజారుకి తీసుకెళ్తే కొనేవాడుండడు. గాలి కూడా పీలుస్తుంది కాబట్టి గట్టు మీద పడేసినా గంటల తరబడి చావదు. గుడ్లు పెట్టడానికి గట్టులో మీటరు దాకా బొరియ తవ్వుతుంది. మనవి మట్టి గట్లు. వాటికి బొరియలు పడితే నష్టపోయేది చేపల పాటదారు ఒక్కడే కాదు, ఆయకట్టు రైతు కూడా.

ఇది ఎక్కడో జరిగే ముచ్చట కాదు. చేప ఉన్న నీళ్లలో దాని డీఎన్‌ఏ కలుస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ ఆనవాలు పట్టుకుని తూర్పు కనుమల్లో వెతికితే, చూసిన నీటి వనరుల్లో సుమారు 60 శాతం చోట్ల ఈ జాతి బయటపడింది. మనం ఉన్నది ఆ కనుమల పాదాల దగ్గరే.

"ఒక్క చేప ఏం చేస్తాదిలే" అంటారు. తిలాపియాని గుర్తు చేసుకోండి. అది సిక్లిడ్ కుటుంబం. 1952లో మన దేశానికి మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. రెండు మూడు నెలల వయసుకే గుడ్లకొస్తుంది, పిల్లల్ని తల్లి నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. ఇప్పుడు అది లేని చెరువు చూపించండి! ఒకసారి నీళ్లలో పడ్డ జాతిని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

చెరువు అలుగు పారితే చేప గెడ్డలో పడుతుంది, గెడ్డ నుంచి శారదలోకి పోతుంది. కొండకర్ల ఆవలో తాటి దోనెల మీద చేపలు పట్టుకునే వాళ్లున్నారు. వాళ్ల వలలో కొర్రమీను, మట్టగిడస పడాలా, ఈ ముళ్ల చేప పడాలా?

కాబట్టి నా మాట ఇది:

1. కొనేముందే ఆ చేప ఎంత పెరుగుతుందో అడగండి.
2. వద్దనుకుంటే షాపుకి తిరిగివ్వండి, లేదా పెంచుకునేవాళ్లకి ఇవ్వండి.
3. తొట్టె నీళ్లు కాలవలో పొయ్యకండి, మొక్కలకి పొయ్యండి.
4. సక్కర్ చేప వలలో పడితే తిరిగి నీళ్లలో వెయ్యకండి. చంపి గోతిలో పూడ్చండి.
5. చెరువు పాట జరిగేరోజు ఈ విషయం ఊరందరి ముందు చెప్పి, షరతుల్లో రాయించండి.

ఒక్క చేపని బతికించి చెరువులో వందల చేపల్ని ఆకలికి మాడ్చడం పుణ్యం కాదు. మీ ఇంట్లో తొట్టె ఉంటే ముందు మీ పిల్లలకి ఈ మాట చెప్పండి.