నలభై రెండేళ్లకు తెల్ల బెల్టు



మా బేటీని హనుమకొండలో కరాటే క్లాసుకు తీసుకెళ్లి, రోజూ గంటసేపు గోడవారగా కూర్చునేదాన్ని. ఒకరోజు ఉస్తాద్, "ఊరికే కూర్చునే బదులు మీరూ నిలబడండి ఆపా" అన్నారు. నలభై రెండేళ్లకు తెల్ల బెల్టు! అది కట్టుకోవడం నాకు పదేళ్ల పిల్ల నేర్పింది. షరమ్‌గానే అనిపించింది.

"ఆడపిల్లకు ఈ కుస్తీలు దేనికి? రేపు రిష్తాలు వస్తాయా?" అని ఖాందాన్‌లో అడుగుతున్నారు. నిజామాబాద్ నిఖత్ జరీన్ ఇంట్లోనూ ఈ ఫికర్ ఉండింది. అయినా ఆమె అబ్బా జమీల్ అహ్మద్ వెనక్కి తగ్గలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పుడు అందరూ ముబారక్‌లు చెప్పారు.

మన బిడ్డలందరూ నిఖత్‌లు కావాలని కాదు. బస్సులో ఎవడైనా చెయ్యి వేస్తే గొంతు పెగలాలి, కాలు కదలాలి. హయా వేరు, భయం వేరు. మనం పిల్లలకు హయా పేరుతో భయాన్ని నేర్పుతున్నాం.

ఎదుటివాణ్ణి పడగొట్టడం కన్నా కోపాన్ని అదుపులో పెట్టుకోవడమే అసలు బలమని హదీసు సారాంశం. ఉస్తాద్ మొదటి నెల నేర్పిందీ దాదాపు అదే: నిలబడటం, ఊపిరి తీయడం, సబర్.

మోకాళ్ల నొప్పి, బీపీ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి, ఉస్తాద్‌కూ చెప్పండి. ఆడవాళ్ల బ్యాచ్ ఉందేమో కనుక్కోండి. నమాజ్ వేళలు చూసుకుని టైము పెట్టుకోండి.

బిడ్డను దింపి గేటు దగ్గరే ఆగిపోకండి. ఇన్షా అల్లాహ్, రేపు మీరూ లోపలికి రండి.