రిపోర్టు నార్మల్ వచ్చినా మా బాధ నిజం: మా ప్రణాళిక

మూత్రంలో మంట ఏడాదిలో మూడు నాలుగుసార్లు వచ్చి, కోర్సుల మీద కోర్సులు మందులు వాడి, చివరికి "కల్చర్‌లో ఏమీ లేదు, తగ్గిపోయింది" అనిపించుకున్నవాళ్లం మేము. తగ్గలేదు. పొత్తికడుపులో బరువు పోలేదు. బాత్రూంలోంచి వచ్చిన కాసేపటికే మళ్లీ వెళ్లాలనిపించడమూ పోలేదు. మాలో టీచరమ్మలున్నారు, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే ఆడపిల్లలున్నారు, బస్సు కండక్టర్లున్నారు, మిరప కోతలకు వెళ్లే కూలీలున్నారు, మనవల్ని ఆడించే వయసువాళ్లూ ఉన్నారు. కలిసి కూర్చుని మాట్లాడుకున్న మాటలనే ఇలా రాసుకున్నాం.

అన్నిటికన్నా ముందు మాట: రిపోర్టు నార్మల్ రావడంతో వైద్యం ముగిసిపోదు. సూక్ష్మజీవి చచ్చినా, దాని దెబ్బకు వాచిన మూత్రాశయం లోపొర కుదుటపడడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఇన్‌ఫెక్షన్ పదేపదే వచ్చినవాళ్లలో అక్కడి నరాలు అతిగా స్పందించడం మొదలుపెట్టవచ్చు. కాలిన చోట చర్మం మానాక కూడా వేణ్నీళ్లు తగిలితే చురుక్కుమన్నట్టు, మూత్రాశయం కాస్త నిండినా పూర్తిగా నిండినంత బాధ పెడుతుంది. ఇన్‌ఫెక్షన్ లేకుండా ఈ బాధ ఆరు వారాలు దాటితే బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అయ్యుండొచ్చని ఆలోచించాలి. అమెరికా డాక్టరు గై హన్నర్ కొందరు ఆడవాళ్ల మూత్రాశయాల్లో కనిపించిన పుండ్ల గురించి 1915లోనే రాశాడు. ఈ జబ్బులో అందరికీ పుండ్లు ఉండవు, బాధ మాత్రం ఉంటుంది. అందుకే "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అనే మాటను మేమిక ఒప్పుకోం. టెన్షన్ నొప్పిని పెంచుతుంది, నిజమే. అంతమాత్రాన నొప్పి లేనట్టు కాదు.

రెండో మాట మాకు మేము పెట్టుకున్న కట్టుబాటు. కల్చర్‌కి శాంపిల్ ఇవ్వకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టం. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని మాటిమాటికీ వచ్చే ఇన్‌ఫెక్షన్ కింద లెక్కవేస్తారు. అలాంటివాళ్లకు మంట వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష కావాలి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వాళ్లిచ్చిన శుభ్రమైన సీసాలో పట్టి, ఆలస్యం చేయకుండా అందించాలి. రెండు మూడు రోజుల్లో ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలు, వదినగారింట్లో మిగిలిన స్ట్రిప్పు, పోయినసారి చీటీ: ఈ మూడూ మాకు నిషేధం. చాలా రకాల యాంటీబయాటిక్‌ల అమ్మకాలను రిజిస్టర్‌లో రాయాలన్న హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. షాపువాళ్లు దాన్ని పాటించాలని అడుగుతాం. మంటా నొప్పీ ఏమీ లేకుండా కల్చర్‌లో మాత్రం బ్యాక్టీరియా కనిపిస్తే, గర్భిణులకూ కొన్ని మూత్రనాళ ఆపరేషన్లకు వెళ్లేవాళ్లకూ తప్ప చాలామందికి మందు అక్కర్లేదు. అదే చీము కణాలు ఎక్కువగా ఉండి కల్చర్ మాత్రం శుభ్రంగా వస్తుంటే, మన దేశంలో క్షయ సంగతి మరచిపోకూడదు. ఆ పరీక్ష చేయమని మేమే అడుగుతాం.

ఎవరూ మాకు చెప్పని సంగతి ఒకటుంది: కండరాలు. మంటకు జడిసి నెలల తరబడి బిగబట్టుకుని బతికితే మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాలు బిగుసుకుపోయి, వదలడం మరచిపోతాయి. అప్పుడు ఇన్‌ఫెక్షన్ లేకపోయినా అదే మంట, అదే తొందర, వెళ్లినా పూర్తికాని భావన. ఈ స్థితిలో ఎవరో చెప్పారని ఆ కండరాలను బిగించే కెగెల్ వ్యాయామాలు మొదలుపెడితే బాధ పెరగవచ్చు. కావాల్సింది బిగించడం కాదు, వదలడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా శ్వాస తీసుకుంటూ కింది భాగాన్ని వదులు చేయడం నేర్చుకోవాలి. ఈ కండరాల పని తెలిసిన ఫిజియోథెరపిస్టులున్నారు. యూరాలజీ, గైనకాలజీ విభాగాలున్న ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ అలాంటి ఒకరుండాలన్నది మా డిమాండ్. పొత్తికడుపు మీద గుడ్డ చుట్టిన వేడినీళ్ల బ్యాగు, మలబద్ధకం లేకుండా చూసుకోవడం చిన్న విషయాలే కానీ ఊరటనిస్తాయి. మూడు రోజులపాటు ఎప్పుడు, ఎంత వెళ్లామో, ఏం తాగామో, నొప్పి ఎంతుందో పుస్తకంలో రాసుకుని డాక్టరుకు చూపిస్తే, మాటల్లో చెప్పలేనిది ఆ పేజీ చెబుతుంది. ఇన్‌ఫెక్షన్ లేదని తేలాక, డాక్టరు సలహాతో, రెండుసార్ల మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. డ్యూటీలో గంటల తరబడి ఆపుకోవడంతో దీన్ని కలపకండి.

కాఫీ, టీ, కూల్ డ్రింకులు, నిమ్మజాతి రసాలు, కారం కొందరికి బాధ పెంచుతాయి, అందరికీ కాదు. ఒక్కొక్కటే కొన్నాళ్లు ఆపి చూడండి. ఆవకాయ పడుతున్నవాళ్ల చేత ఆవకాయ మాన్పించే హక్కు ఎవరికీ లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, మజ్జిగ ఇస్తారు. మేము కాదనం, ఒంట్లోకి నీళ్లు వెళ్తాయి కదా. తక్కువ నీళ్లు తాగే, ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే ఆడవాళ్ల చేత ఏడాదిపాటు రోజుకు లీటరున్నర అదనంగా తాగిస్తే ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో అచ్చయిన అధ్యయనం ఒకటి చూపించింది. (కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.) అయితే తాగిన నీళ్లు ఎక్కడికి పోవాలి? షాపులో బాత్రూం ఉండదు, ఉన్నా తాళం. చేలో చెట్టు చాటు కూడా దొరకదు. బస్టాండులో ముక్కు మూసుకుని కూర్చోకుండానే వచ్చేస్తాం. అందుకే మేము పొద్దున్నుంచీ గొంతు తడుపుకోం. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే రాసింది. కూలికి పిలిచే ఆసామి, షాపు యజమాని, డిపో అధికారి అందరినీ మేము అడిగేది ఒకటే: నీళ్లున్న, గడియ పడే బాత్రూం, అక్కడికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేని ఐదు నిమిషాలు.

బహిష్టులు ఆగిపోయిన అక్కలకు, అమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాం. ఆ వయసులో ఈస్ట్రోజన్ తగ్గి యోని గోడలు పలచబడతాయి, మంట వస్తుంది, ఇన్‌ఫెక్షన్ సులువుగా పట్టుకుంటుంది. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీముతో ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయని 1993లోనే రుజువైంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే వాడాలి. మిగతావాళ్లు "ఈ వయసులో ఇవేమిటి" అని సిగ్గుపడి ఊరుకోకండి.

మేము డాక్టర్లం కాము. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, కడుపుతో ఉన్నప్పుడు మంట: వీటిలో ఏదున్నా ఈ కాగితం పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు గారూ, మా మాట రెండు నిమిషాలు అడ్డు రాకుండా వినండి. కల్చర్ శుభ్రంగా ఉంటే "ఏమీ లేదు" అనకుండా "ఇన్‌ఫెక్షన్ లేదు, బాధ ఎందుకో చూద్దాం" అనండి. చదువుతున్న అక్కా, చెల్లీ, మీ పాత కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, మాలో ఒకరిని తోడు పిలవండి, వస్తాం.