రంగూన్ రూపాయి, నవీపేట్ పసుపు

బోదకాలు రాకుండా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, అన్నం తిన్నాక దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. ఆ మందు 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పుట్టింది. అక్కడ పరిశోధన నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన హార్వర్డ్‌కు ఎవరి డబ్బుతో వెళ్లాడు? కొంత మామగారిది. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థది, అంటే రంగూన్ వ్యాపారంలో కూడబెట్టిన సొమ్ము. బర్మాలో సంపాదించిన రూపాయి గోదావరి కుర్రాడిని బోస్టన్ చేర్చిందన్నమాట. ఇప్పటి కమిటీలైతే దీనికి అంతర్జాతీయ సహకారం అని పేరు పెట్టేవి. తీరా చేరాక పూట గడవడమే కష్టమైంది. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగే పని. సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. జీవరసాయన విద్యార్థులు ఇవాళ్టికీ అది నేర్చుకుంటారు. పిల్లలకు పట్టుదల నేర్పడానికి మనవాళ్లు ఈ కథ చెబుతుంటారు. పళ్లేలు కడగడంలో పోయిన రాత్రుల లెక్క మాత్రం ఎవరూ తీయరు.

ఆ రాత్రులను పరిశోధకుడికి మిగిల్చే ఏర్పాటు ఒకటి ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు 2008లో చెరిసగం వేసుకుని మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ అది. ఎంపికైనవారికి ఐదేళ్లపాటు జీతం, ప్రయోగాల ఖర్చు ఇస్తుంది. పని మాత్రం భారత్‌లోనే చేయాలి. వెల్‌కమ్ సొమ్ముకూ ఒక వ్యాపారి వీలునామానే మూలం: మందుల కంపెనీ యజమాని హెన్రీ వెల్‌కమ్ 1936లో కన్నుమూశాక ఆ ట్రస్టు ఏర్పడింది.

2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకం మూడో దశకు ఆమోదం తెలిపింది. మొత్తం 1,500 కోట్ల రూపాయల్లో 1,000 కోట్లు మన ప్రభుత్వానివి, 500 కోట్లు వెల్‌కమ్‌వి. మొదట్లో ఉన్న చెరిసగం ఇప్పుడు లేదు, వెల్‌కమ్‌కు రెండింతల భారం మన నెత్తిన ఉంది. అదీ మంచిదే. డబ్బు పెట్టినవాడే ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో తేల్చుకుంటాడు.

ప్రశ్న కావాలంటే నిజామాబాద్ జిల్లా నవీపేట్ రావచ్చు. నవీపేట్ పేరు చెప్పగానే మేకల సంత గుర్తొస్తుంది గానీ, చుట్టూ ఉన్నది పసుపు సీమ. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం అమెరికా పేటెంటు పొందితే, భారత పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, పత్రాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. 2017లో వచ్చిన మరో మాటను మాత్రం ఎవరూ ఎత్తరు. పసుపులో ఉండే కర్క్యుమిన్‌పై జరిగిన 120కి పైగా ట్రయల్స్‌ను అమెరికా శాస్త్రవేత్తలు జల్లెడ పట్టారు. అసలు మందు ఎవరికిచ్చారో, ఉత్తుత్తి మాత్ర ఎవరికిచ్చారో వైద్యుడికీ రోగికీ తెలియనివ్వని కఠిన పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని రాశారు. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు, నిలకడగానూ ఉండదు. పసుపు అమ్ముకునే చోట ఈ మాట చేదే. దీనికి పాత గ్రంథాలు జవాబు కావు.

అయితే నవీపేట్‌లో ఎవరూ కర్క్యుమిన్ మాత్రలు మింగరు. పప్పులో, పులుసులో, నూనెతో కలిపి పుట్టినప్పటి నుంచీ పసుపు తింటారు. అలా తిన్న పసుపు ఒంట్లో ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రానికి వంగడాలు, దుంపకుళ్లు ఉన్నాయి. 2025లో నిజామాబాద్‌లో కార్యాలయం తెరిచిన పసుపు బోర్డుకు ధరలు, ఎగుమతులు ఉన్నాయి. తినేవాడి సంగతి ఎవరి పద్దులో పడుతుంది?

మూడో దశలో చిన్న నగరాలకూ చేరువవుతామని ప్రభుత్వం చెప్పింది. అలాగైతే డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం నుంచి ఒక దరఖాస్తు వెళ్లాలి. దాన్ని ఇంగ్లిష్‌లో పకడ్బందీగా రాయించే మనిషి, నైతిక కమిటీ, వచ్చిన సొమ్మును నెలల తరబడి ఆపని అకౌంట్స్ విభాగం, అన్నింటికీ మించి ఆ అధ్యాపకుడికి పాఠాల నుంచి కాస్త విడుదల కావాలి. వీటికయ్యే ఖర్చు 1,500 కోట్లలో లెక్కకు రానంత. ఇండియా అలయన్స్ వాళ్లు హైదరాబాద్‌లో రైలెక్కితే నవీపేట్ స్టేషన్‌లోనే దిగవచ్చు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో వస్తే మరీ మంచిది.