పనికిరాని పుస్తకాలు

మన సంఘాల్లో పనిచేసే స్త్రీలని "ఈ మధ్య ఏం చదివారు?" అని అడిగి చూడండి. జవాబులన్నీ దాదాపు ఒకటే రకం. గృహహింస చట్టం మీద వేసిన కరపత్రం, ఏదో సర్వే రిపోర్టు, ఒక జీవో, డబ్బిచ్చే సంస్థకి నింపి పంపాల్సిన ఫారాలు. "మరి సరదాకి?" అంటే నవ్వేస్తారు. ఆ నవ్వులో కాస్త నిష్ఠూరం, కాస్త సిగ్గు. తీరికెక్కడిదని నిష్ఠూరం. ఉద్యమంలో ఉండి నవలలు చదువుతున్నామని ఒప్పుకోవడానికి సిగ్గు.

నిష్ఠూరంలో న్యాయం ఉంది. 2019లో దేశమంతటా జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. మగవాళ్ళకి అది 97 నిమిషాలు. (ఇంటిపని ముట్టుకోని మగవాళ్ళని ఈ సగటులో కలపనే లేదు. కలిపితే ఆ 97 కూడా ఉండేది కాదు.) ఆ లెక్కన పుస్తకం పట్టుకు కూర్చున్న ఆడమనిషి ఇంట్లో అందరి కళ్ళకీ పని ఎగ్గొడుతున్నట్టే కనిపిస్తుంది. కానీ సిగ్గుని మాత్రం నేను ఒప్పుకోను. ఏ వ్యాసానికీ, ఏ సదస్సుకీ అక్కర లేకుండా ఈ మధ్య మూడు పుస్తకాలు చదివాను. వాటి గురించి చెబుతాను.

మొదటిది రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'. మన విశాఖపట్నం ప్లీడరు, మన కోర్టు వరండాలు, మన భాష. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల కథలు. ఆ భాష కోసమే, పెద్దగా చదువుకుని నవ్వుకోడానికే మళ్ళీ తీశాను. 'మాయ' కథ దగ్గర నవ్వు ఆగిపోయింది. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ పోలీసుల్నీ, కోర్టునీ, ప్లీడర్లనీ ఒక్కొక్కరినే ఒలిచి ఆ కుర్ర ప్లీడరు ముందు పెడుతుంది. చదువుకున్నవాడు నోరు మూసుకుని వినాల్సి వస్తుంది.

ఇక్కడ మనకో చిక్కు ఉంది. మన సారా వ్యతిరేకోద్యమ చరిత్ర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో మొదలవుతుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం, ఇదంతా మనకి కంఠతా వచ్చు. ఆ చరిత్రలో స్త్రీ అంటే తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తినేది, చీపురు పట్టుకుని సారా కొట్టు మీదకి వెళ్ళేది. మరి సారా అమ్ముకు బతికే స్త్రీ? నిషేధం వచ్చిన ప్రతిసారీ లాకప్పుకి వెళ్ళేది ఎవరు, కాంట్రాక్టరా, కుండ దగ్గర కూర్చున్న ముత్యాలమ్మా? నిషేధం వద్దని నేననడం లేదు. కానీ ముప్ఫై ఏళ్ళ ముందే ఒక కథకుడు అడిగిన ప్రశ్నని మనం మన కరపత్రాల్లోకి రానివ్వలేదు. పరిశోధన కోసం చదివితే నేనూ ఆ కథలోంచి నాక్కావలసిన నాలుగు వాక్యాలు ఏరుకుని ముత్యాలమ్మని వదిలేసి ఉండేదాన్నేమో. సరదాకి చదివితే ఏరుకునే వీలుండదు, మనిషి మొత్తంగా వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

అన్నట్టు, దూబగుంట కథ ఊరూరా పాకడానికి అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలోని పాఠం ఎంతో తోడ్పడింది. రాత్రి బడిలో కూలి ఆడవాళ్ళు చదువుకున్న కథ అది. కథలు పనికిరావనేవాళ్ళు దీన్ని కాస్త గుర్తు పెట్టుకోవాలి.

రెండోది చెబితే కొందరు ముక్కు చిట్లిస్తారు: యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'. అద్దె పుస్తకాల షాపుల్లో అట్ట చిరిగేదాకా చేతులు మారిన నవల. ఇలాంటివి ఆడవాళ్ళకి మత్తుమందు అని మనవాళ్ళు రాసిన విమర్శలన్నీ నిజమే. పెద్ద కారు, ఆరడుగుల హీరో, చివరికి పెళ్ళి. అయితే ఇప్పుడు చదివితే నాకు కనిపించింది రాజశేఖరం కాదు, జయంతి. జీతం కోసం ఉద్యోగం చేస్తూ, యజమాని ముందు తల వంచకుండా మాటకి మాట చెప్పే అమ్మాయి. లక్షలమంది గృహిణులు ఆ జవాబుల కోసమే పేజీలు తిప్పారేమో! వాళ్ళ ఆనందాన్ని మనం ఎగతాళి చేశాం గాని, అది దేనికోసమో అడగలేదు. ముగింపు మాత్రం నాకిప్పటికీ నచ్చలేదు.

మూడోది 'ఒక హిజ్రా ఆత్మకథ'. తమిళనాడు నుంచి వచ్చిన ఎ. రేవతి జీవితానికి పి. సత్యవతి తెలుగు. ఈ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 'ఇల్లలకగానే' రాసిన చెయ్యి కాబట్టి భాష ఎక్కడా తడబడదు. ఇది సరదాకి చదివే పుస్తకమా అని అడగొచ్చు. రేవతి చీర కట్టుకున్నప్పటి సంతోషం చదవండి, మీకే తెలుస్తుంది. అన్నల దెబ్బలూ పోలీసుల దెబ్బలూ ఎంత నిజమో ఆ సంతోషమూ అంతే నిజం. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చినప్పుడు మనమంతా హర్షించాం. ఆ తర్వాత మన మహిళా సదస్సులకి ఎంతమంది ట్రాన్స్ స్త్రీలని పిలిచాం? "ముందు మన సమస్యలు తేలనివ్వండి" అనే మాట నేను ఒకటికి రెండుసార్లు విన్నాను. ఆ 'మన'లో రేవతి ఎందుకు లేదో తీర్పు ప్రతి చదివిన వాళ్ళ కంటే ఈ పుస్తకం చదివిన వాళ్ళే గట్టిగా అడుగుతారని నా నమ్మకం.

అందుకని ఒక ప్రతిపాదన. నెలవారీ మీటింగులో లెక్కలూ కేసులూ అయ్యాక ఒక అరగంట ఎవరో ఒకరు తాము సరదాగా చదివిన పుస్తకం గురించి చెప్పాలి. చదవడం రానివాళ్ళకి ఇంకొకరు చదివి వినిపించాలి. ఉక్కునగరంలో ఉండే స్నేహితురాళ్ళు కొందరు ఒకరింట్లో చేరి ఇప్పటికే ఇలా చేస్తున్నారు, వంట ఆ రోజు మగవాళ్ళది. దయచేసి దీనికి మాత్రం రిపోర్టు రాయమని ఎవరినీ అడక్కండి.