పగటి దీపము తీగ కోయుట తగునా?

పట్టపగలు దివిటీ పట్టువానిని జూచి మన పెద్దలు నవ్వెడివారు. నేడు క్రొత్తగా వచ్చు పెక్కు మోటారు బండ్లకు, ఇంజను కదలినంతనే, నడుపువాని ప్రమేయము లేకయే ముందుభాగమున రెండు తెల్లని దీపములు వెలుగుచున్నవి. మిట్టమధ్యాహ్నమైనను అవి యాఱవు. వీనికే పగటి దీపములని పేరు. మన సంఘము కూరగాయలను మార్కెటు యార్డునకు చేరవేయుటకై కొనిన పికప్ బండికిని ఇట్టి దీపములే యున్నవి. వీని తీగను కోయించివేయవలెనని గత మాసపు సభలో నొక ప్రతిపాదన వచ్చి, చర్చ ముగియక, రాబోవు సభకు వాయిదా పడినది. ఓటు వేయుటకు ముందు సభ్యులు ఈ విషయమును అన్ని వైపులనుండి ఆలోచింతురు గాక యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రతిపాదించినవారి బాధ న్యాయమైనదే. నిరుడు సంక్రాంతికి ముందు ఒకనాటి సాయంకాలమున మన బండి ఖాళీ బుట్టలతో యార్డునుండి తిరిగి వచ్చుచుండెను. ప్రొద్దు గ్రుంకి మసక చీకటి కమ్మినది. ముందు దీపములు వెలుగుచుండెను. డ్రైవరు నెదుట మీటర్ల పలకయు వెలుగుచుండెను. లైట్లన్నియు వెలుగుచున్నవనియే ఆతడు తలంచెను. నిజమునకు బండి వెనుక నొక్క దీపమైనను లేదు. చెఱువుగట్టు ఎత్తు ఎక్కునపుడు బండి నెమ్మదించెను. బ్రేకు త్రొక్కలేదు గనుక బ్రేకు లైటును వెలుగలేదు. వెనుక వచ్చుచున్న మోటారు సైకిలు వచ్చి తగిలెను. దానిని నడుపుచున్న కుఱ్ఱవాడు పొరుగూరి కౌలురైతు కుమారుడు. కాలు విఱిగి, దాళ్వా నాట్ల కాలమంతయు మంచము పట్టెను. ఆనాడు డ్రైవరు ప్రక్కను కూర్చున్నవాడను నేనే. నేనును గమనింపలేదు. కావున డ్రైవరు నొక్కనినే నిందించుటకు నాకు నోరు రాదు.

ఆ దీపమే మనలను మోసగించినది, కావున దానిని కోసివేయుదమని మిత్రులనుచున్నారు. మోసగించిన మాట నిజము. పగటి దీపము లేకున్నచో డ్రైవరు చీకటిని తానే గుర్తించి స్విచ్చి వేసియుండునని వారు చెప్పు వాదమును త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఆనాటి కీడు ముందు దీపము వెలుగుటవలన రాలేదు. వెనుక దీపము వెలుగకుండుటవలన వచ్చినది. ముందు దీపమును కోసినంతమాత్రమున వెనుక దీపము తనంతట వెలుగదు. ఒక కన్నునకు చూపు లేదని రెండవ కన్నును పొడుచుకొనువా రెవరును లేరు గదా!

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. కెనడా దేశమున 1989 డిసెంబరు నుండి క్రొత్త బండ్లకు పగటి దీపములను తప్పనిసరి చేసిరి. కొంత కాలమునకు అచ్చటను ఇదే కష్టము కనబడినది. ముందు వెలుగు, వెనుక చీకటితో రాత్రివేళ తిరుగు బండ్లకు వారు దయ్యపు బండ్ల వంటి పేరు పెట్టిరి. ఐనను అచ్చటి ప్రభుత్వము పగటి దీపములను తీసివేయలేదు. 2021 సెప్టెంబరు నుండి క్రొత్త బండ్లకు మూడు పద్ధతులలో నేదేని యొకటి యుండవలెనని విధించినది. పగటి దీపముతోపాటు వెనుక దీపమును వెలుగుట యొకటి. చీకటి పడగనే లైట్లన్నియు తమంత వెలుగుట రెండవది. లైట్లు వేయువఱకు డ్రైవరు నెదుటి పలక చీకటిగ నుండుట మూడవది. ఈ మూడవదానిలోని యుక్తిని గమనింపుడు. ఆనాడు మన డ్రైవరును మోసగించినది సగము ఆ పలక వెలుగే.

ఇక, ఈ దీపమువలన లాభమే లేదని కొందఱనుచున్నారు. ఈ యాచారము ఉత్తర దేశములలో పుట్టిన మాట నిజమే. ఫిన్లాండు 1972లో ఊళ్ల వెలుపలి రోడ్లపై శీతకాలమునకును, స్వీడను 1977లో సంవత్సరమంతటికిని దీనిని విధించినవి. ఐరోపా సమాఖ్య 2011 ఫిబ్రవరి నుండి క్రొత్త రకపు కార్లకు దీనిని తప్పనిసరి చేసినది. ఆ దేశములలో శీతకాలపు సూర్యుడు ఆకాశమున పైకెక్కడు. మనకో, ఎండ కన్నులు జిగేలుమనిపించును. అట్టి యెండలో ఈ దీపము కొంత వెలవెలబోవునని నేనును ఒప్పుకొందును. కాని మన బండి యెల్లపుడు నిండుటెండలోనే నడచుచున్నదా? చింతచెట్ల నీడలో, ఒకచో ఎండ యొకచో చీకటిగ నుండు బాటపై, ఎదుటి బండి రంగు నీడలో కలిసిపోవును. పుష్యమాసపు మంచులో తెల్లవాఱుజామున కూరగాయలు తోలునది మనమే. కోతల కాలమున పొలముల పొగయు, మట్టి రోడ్ల దుమ్మును బాటను కమ్మును. ఒంటిబాటపై ముందరి లారీని దాటజూచు మోటారు సైకిలువానికి, ఎదురుగ వచ్చు బండి యెంత దూరమున నున్నదో తెలియుటకు ఈ రెండు చుక్కల వెలుగే ఆధారము. ఈ దీపము మన డ్రైవరునకు దారి చూపుటకు గాదు, మన బండిని ఇతరులకు చూపుటకు. మన దేశమునను 2017 ఏప్రిలు నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ముందు దీపము ఆర్పు వీలు లేకుండ చేయుటకు కారణమిదియే.

లాభమును ఉన్నదానికంటె హెచ్చించి చెప్పుట నాకిష్టము లేదు. అమెరికా దేశపు రహదారి భద్రతా శాఖవారు 2008లో ప్రకటించిన పరిశీలనలో, అన్ని బండ్లను కలిపి చూచినపుడు పగటి దీపముల వలన నిశ్చయముగ చెప్పదగిన మేలు కనబడలేదు. అయితే పికప్‌లు, వ్యానులు మొదలగు చిన్న సరకు బండ్ల విషయమున మాత్రము, రెండు బండ్లు ఢీకొను ప్రమాదములు నూటికి 5.7 వంతున తగ్గినట్లు తేలినది. మేలు చిన్నదే, కాని అది మనవంటి బండికే కలిగినది. నూఱు ప్రమాదములలో అయిదాఱు తప్పినచో, తప్పినవారి యింటివారికి అది చిన్న లెక్క కాదు.

డీజిలు దండుగ యను మాటకు లెక్కయే సమాధానము. మన బండి పగటి దీపములు ఎల్.ఇ.డి. రకమువి, ఇట్టి జత సుమారు 15 వాట్లు తినును. డైనమోలోను ఇంజనులోను పోవు నష్టమును కలుపుకొన్నను, లీటరు డీజిలుతో ఇవి నూఱు గంటలకు పైగా వెలుగగలవు. దినమునకు మూడు గంటల ప్రయాణమైనచో నెలకు లీటరు మాత్రమే. పాత రకపు హెడ్ లైట్లనే పగలు వెలిగించు బండ్లయందు జతకు 110 వాట్లు కావలెను. అట్టివానికి అయిదాఱు దినములకే లీటరు ఖర్చగును. అది కొంత యోచింపదగినదే కాని మన బండికి వర్తింపదు. ఇంజను నడచునంతసేపు డైనమో శక్తి నిచ్చుచుండును గనుక బ్యాటరీ దిగిపోవునను భయమును లేదు.

యార్డులో ఇంజను ఆపక సరకు దింపునపుడు దీపము హమాలీల కండ్లలో కొట్టుచున్నదనునది మిగిలిన ఫిర్యాదు. ఇది నిజమైన యిబ్బంది. కాని దీనికి తీగ కోయుట తగిన మందు కాదు. సరకు దించునంతసేపు ఇంజను ఆపుట మొదటి యుపాయము, డీజిలును మిగులును. హ్యాండు బ్రేకు వేసినచో పగటి దీపము ఆఱునట్లు కొన్ని బండ్లకు ఏర్పాటుండును. మఱికొన్నిటికి స్విచ్చి యుండును. బండితో వచ్చిన పుస్తకమును మన కార్యదర్శి యింతవఱకు తెఱచి చూచినట్లు లేదు. ముందు దానిని చదివింతము. అందులో మార్గము లేకున్న, కంపెనీవారి వర్కుషాపులో అడుగుదము. ఫ్యూజు పెఱికివేయుట సులభమని కొందఱందురు గాని, ఆ ఫ్యూజుమీద మఱి యే దీపములు ఆధారపడియున్నవో తెలియక పెఱుకరాదు. రోడ్డు ప్రక్క మెకానిక్కు తీగ కోసి పైన టేపు చుట్టినచో, వానకాలమున నీరు చేరి షార్టగును. వారంటీకిని భంగము రావచ్చును. కోయుట నిమిషము పని. ఏ తీగ యెక్కడ కోసిరో రెండేండ్ల పిమ్మట కనుగొనుట దినమంతటి పని.

కావున రాబోవు సభలో నేను ప్రవేశపెట్టదలచిన తీర్మానము లివి. మొదటిది: పగటి దీపము తీగ కోయరాదు; నిలిచియున్నపుడు ఆర్పు వీలున్నచో దానిని వాడుకొనవచ్చును గాని, బండి రోడ్డెక్కినపుడు దీపము వెలిగి తీరవలెను. రెండవది: ప్రొద్దు గ్రుంకగనే డ్రైవరు హెడ్ లైట్ల స్విచ్చి వేయవలెను. చట్టము అస్తమయము తరువాత అరగంట గడువిచ్చుచున్నది. మనము ఆ గడువును వాడుకొనరాదు. ప్రక్కను కూర్చున్నవాడు దిగి, వెనుక ఎఱ్ఱదీపములు రెండును వెలుగుచున్నవని కంటితో చూచి చెప్పవలెను. ఈ పని ఆనాడు నేను చేసియుండినచో ఆ కుఱ్ఱవాడు నాట్లు వేసికొనియుండును. మూడవది: బండి వెనుకతట్టున ఎఱ్ఱని రేడియం పట్టీలు అంటింపవలెను. నాలుగవది: పగటి దీపముతోపాటు వెనుక దీపమును వెలుగునట్లు చేయ వీలున్నదేమో తెలుపుడని బండి చేసిన కంపెనీకి సంఘము పక్షమున జాబు వ్రాయవలెను. ఒక్క రైతు అడిగినచో వినకపోవచ్చును; పది సంఘములు అడిగినచో వినవలసివచ్చును. సహకారమన ఎరువుల బస్తాలు పంచుకొనుట మాత్రమే కాదు గదా.

అయిదవది సభ్యులందఱకును చెందినది. మన ట్రాక్టరు ట్రక్కులలో ఎన్నిటికి వెనుక దీపమున్నది? ఎడ్లబండ్లలో ఎన్నిటికి ఒక్క రేడియం ముక్కయైన నున్నది? చెఱకు, వరిగడ్డి నిండిన బండ్లు రాత్రివేళ రోడ్డుపై నల్లని గోడలవలె నిలిచియుండుచున్నవి. పికప్ బండికి దీపములు ఎక్కువైనవని వాదులాడుకొనుచున్న మనము, అసలు దీపమే లేని మన బండ్ల సంగతి మఱచితిమి. సంఘము టోకున రేడియం పట్టీలు కొని అసలు ధరకు సభ్యుల కిచ్చినచో ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది.

ఆ కౌలురైతు కుమారుడు ఇపుడు నడచుచున్నాడు గాని కొంచెము కుంటుచున్నాడు. ఆతని వైద్యమునకు సంఘమేమి యిచ్చినది యను ప్రశ్న కూడ సభలో రావలసియున్నది. నేను దానినిని లేవనెత్తుదును. సోదర సభ్యులు తప్పక హాజరై, కత్తెరకు గాక ఎఱ్ఱదీపమునకు ఓటు వేయుదురని నమ్ముచున్నాను.