యోగ్యతాపత్రమును, గేరుపెట్టెయు

మదనపల్లి ప్రాంతపు టమాటాను మొగిలి కనుమ మీదుగా దూరపట్టణములకు చేర్చుటకు మన రైతులు డీజిలు పికప్పు బండ్లను నమ్ముకొనియున్నారు. వారిలో పలువురు కమానుకట్టలకు అదనపు పట్టీలు చేర్పించి, ప్రక్కపలకలు ఎత్తించి, ఇంజనునకు ఎక్కువ డీజిలు పారునట్లు మార్పించి, బండి బలపడినదని సంతోషించుచున్నారు. మా యభిప్రాయమున బలపడినది ఇంజను మాత్రమే. ఆ బలమును చక్రములకందించు క్లచ్చిపళ్లెమును, గేరుపండ్లును మొదటి లెక్కకు చేయబడినవే. తిప్పుడు హెచ్చినకొలది క్లచ్చి జారును, జారినకొలది కాలును.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు, తరువాతి సవరణలతో, సరకుబండికి ఎనిమిదేండ్లవరకు రెండేండ్లకొకసారియు, పిమ్మట ఏటేటను పరీక్ష విధించినవి. బ్రేకులు, దీపములు, పొగ చూచి పత్రమిత్తురు. గేరుపెట్టె విప్పి చూడరు. ఆ పత్రమును చూచి నిశ్చింతగా నుండుట, సంచిమీది చీటీ చూచి మొలక పరీక్ష మానుటవంటిది. పరీక్షనాడు అదనపు పట్టీలూడదీసి మరునాడు బిగించువారికి మేమేమి చెప్పగలము!

కనుమ దిగునపుడు బండిని పట్టియుంచునది చిన్న గేరున నున్న ఇంజను. అరిగిన గేరు బరువుమీద జారినచో భారమంతయు బ్రేకులపై బడును; అవి వేడెక్కి పట్టు విడుచును. పెట్టెలపై కూలీలు కూర్చుండియుందురు.

కావున పంటకాలమునకు ముందే, సంఘము బాడుగకు గొను ప్రతి బండికిని గేరునూనె దింపించి చూడవలెనని కోరుచున్నాము. మెత్తని ఇనుపరజను కొంత సహజము. పెచ్చులు కానవచ్చినచో ఆ బండిని త్రిప్పిపంపవలెను. మరియు బండి నిలిపి, చేతిబ్రేకు బిగించి, పెద్ద గేరు వేసి క్లచ్చి మెల్లగా విడువుడు. ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచున్నచో, ఆ బండికి సరకెత్తకుడు.