ఆ ఊరి జట్టులోనే ఆడాలి

బ్రిటన్‌లో మాస్టర్స్ చదవడానికి వెళ్లే మన పిల్లల్లో చాలామంది సెప్టెంబరులో విమానం ఎక్కుతారు. ఏడాది తిరిగేసరికి కోర్సు పూర్తవుతుంది. ఆ ఏడాదంతా తరగతి గది, పార్ట్‌టైమ్ పని, మనవాళ్లతో పంచుకున్న అద్దె ఇల్లు, ఈ మూడింటి మధ్యే గడిచిపోతుంది. ఆ దేశంలో ఉంటూ ఆ ఊరివాళ్లలో ఒక్కరితోనైనా స్నేహం లేకుండా తిరిగొచ్చేవాళ్లు ఎందరో. పైగా 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు మినహా మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు దాదాపు లేదు. ఈ ఒంటరితనానికి అక్కడ అందుబాటులో ఉన్న మంచి మందు ఊరి క్రికెట్ క్లబ్బు. సెలవు రోజున తెలుగువాళ్లంతా జట్టుకట్టి ఆడుకోవడం సంతోషమే. కానీ ఆ ఊరి జట్టులో ఒకరిగా ఆడితే కలిగే మేలు దానివల్ల రాదు.

ఇందుకు ఆధారం మన దేశంలోనే ఉంది. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగ్ నడిపారు. ఎవరు ఎవరితో కలిసి ఆడాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులాన్ని దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులంవాళ్లతో ప్రత్యర్థులుగా తలపడినప్పుడు మాత్రం దగ్గరితనం పెరగకపోగా మొత్తమ్మీద తగ్గింది. ఈ అధ్యయనం 2021లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. అంతకు ముందు ఏడాది సైన్స్ పత్రికలో సల్మా మూసా ప్రచురించిన ఇరాక్ ఫుట్‌బాల్ అధ్యయనం మరో సంగతి చెప్పింది. ముస్లింలతో కలిసి ఒకే జట్టులో ఆడిన క్రైస్తవులు తమ జట్టులోని ముస్లింలకు దగ్గరయ్యారు. ఆ దగ్గరితనం మైదానం బయటి అపరిచితుల దాకా పెద్దగా వెళ్లలేదు. అంటే ఆట సమాజాన్ని మార్చేయదు, తోటి ఆటగాళ్లను దగ్గర చేస్తుంది. పరాయి ఊళ్లో ఉన్న విద్యార్థికి ఆ పదిమందే చాలు. మన పదకొండు మందిమే ఒక జట్టయి వాళ్ల జట్టుతో తలపడితే ఆ పదిమంది దొరకరు.

క్లబ్బు నడిచే తీరులోనే ఈ దగ్గరితనానికి పునాది ఉంది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో నైపుణ్యాన్ని బట్టి ఒకటో జట్టు నుంచి మూడో నాలుగో జట్టు దాకా ఉంటాయి కాబట్టి గొప్ప ఆటగాడై ఉండాల్సిన పనిలేదు. కింది స్థాయి మ్యాచుల్లో అంపైర్లను పంపరు. బ్యాటింగ్ చేస్తున్న జట్టులోంచే ఇద్దరు తెల్లకోటు వేసుకుని వికెట్ల దగ్గర నిలబడతారు, ఒకరు స్కోరు పుస్తకం రాస్తారు. వాన పడితే అందరూ పరుగెత్తి పిచ్ మీదికి కవర్లు లాగుతారు. ఇన్నింగ్స్ మధ్యలో టీ తాగుతూ కబుర్లాడతారు. పక్కన కూర్చున్నది ప్లంబరో, రిటైరైన టీచరో, పదహారేళ్ల కుర్రాడో కావచ్చు. ఐఇఎల్‌టీఎస్‌లో మంచి స్కోరు తెచ్చుకున్నా యార్క్‌షైర్ యాస ముందు తడబడే చెవికి ఇంతకన్నా మంచి బడి లేదు.

టైమూ డబ్బూ ఎక్కడివన్నది న్యాయమైన ప్రశ్నే. అప్పు చేసి వెళ్లినవాడికి శనివారం షిఫ్టు వదులుకోవడం తేలిక కాదు. టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిచ్చే వీసాపై ప్రతి గంటకూ విలువుంది. కానీ చాలా క్లబ్బులు విద్యార్థులకు చందా తగ్గిస్తాయి, కొత్తవాళ్లకు కిట్ అరువిస్తాయి. వేసవిలో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది కాబట్టి పనిదినాల సాయంత్రాల్లోనూ 20 ఓవర్ల మ్యాచులు జరుగుతాయి. నెలకు రెండుసార్లు ఆడినా జట్టు మనిషే అవుతారు. అసలు చిక్కు కాలంతో ఉంది. మనవాళ్లు దిగే సెప్టెంబరులోనే అక్కడ సీజన్ ముగుస్తుంది, మళ్లీ మొదలయ్యేది ఏప్రిల్‌లో. అందుకే జనవరి నుంచి ఇండోర్ నెట్స్ ఎక్కడ జరుగుతున్నాయో కనుక్కుని వెళ్లాలి. ఏప్రిల్ దాకా ఆగితే ఏడాది కోర్సులో మిగిలేది పరీక్షలూ డిసర్టేషనే.

జాతి వివక్ష మాటేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. యార్క్‌షైర్ కౌంటీ క్లబ్బులో తనకు ఎదురైన అవమానాలను క్రికెటర్ అజీమ్ రఫీక్ 2021లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పారు. ఇంగ్లండ్ బోర్డు నియమించిన స్వతంత్ర కమిషన్ కూడా ఆ దేశ క్రికెట్‌లో జాతి, వర్గ, లింగ వివక్ష వేళ్లూనుకుని ఉందని 2023లో తేల్చింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. చేరేముందు రెండు మూడు క్లబ్బులు చూడాలి, అక్కడ ఆడుతున్న మనవాళ్లను అడగాలి, మర్యాద లేని చోట ఒక్క వారం కూడా ఉండకూడదు. అయితే వివక్ష భయంతో మనవాళ్ల మధ్యే ఉండిపోతే మనల్ని ఎరిగినవాళ్లు ఆ ఊళ్లో ఎప్పటికీ తయారు కారు. ఆడపిల్లలకూ ఈ మాట వర్తిస్తుంది. మహిళా జట్లున్న క్లబ్బులు పెరుగుతున్నాయి, క్రికెట్ నచ్చకపోతే నెట్‌బాల్ ఉంది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. స్టూడెంట్ వీసాపై ప్రొఫెషనల్ ఆటగాడిగా గానీ కోచ్‌గా గానీ పనిచేయకూడదు. ఆడినందుకు డబ్బో వసతో ఇస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. సరదాగా ఆడటానికి అడ్డేమీ లేదు. దెబ్బ తగిలితే వీసాతోపాటు కట్టిన హెల్త్ సర్‌చార్జి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఫోన్ చేసినప్పుడు తిన్నావా, చదివావా అని అడుగుతారు కదా, ఈ వారం ఎవరితో ఆడావని కూడా అడగండి. పిల్లలు ఆడుకుంటే చదువు చెడుతుందన్న భయం వదలండి. వెళ్లిన దేశంలో నలుగురు మనుషుల్ని సంపాదించుకోవడమూ ఆ చదువులో భాగమే.